బేస్ గిటార్ కంటే ముందు డీఐ బాక్స్ కొనండి

కొత్తగా బేస్ మొదలుపెట్టిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ముప్పై వేలల్లో ఏ బేస్ తీసుకోమంటావ్? స్క్వయరా, ఐబానెజా, యమహానా?" మూడూ మంచివే, షాపుకెళ్లి పట్టీ వేసుకుని నిలబడి వాయించి చూడండి, ఏది చేతికి కుదిరితే అది తీసుకోండి అంటాను. కానీ ఆ ముప్పై వేలూ గిటార్ మీదే పెట్టేయొద్దు, కొంత పక్కన పెట్టి ముందు ఒక డీఐ బాక్స్ కొనుక్కోండి అనగానే చాలామంది అదేంటని అడుగుతారు. చూడ్డానికి ముచ్చటగా ఉండే వస్తువు కాదు, గిటార్‌కీ సౌండ్ మిక్సర్‌కీ మధ్య పెట్టే, అరచేతిలో పట్టే డబ్బా, వీడియోల్లో దాని గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

మనలాంటి వాళ్లం వాయించే చోట్లు ఒకసారి తలుచుకోండి. వారమంతా ఆఫీసు, శని ఆదివారాల్లో ప్రోగ్రాం. అపార్ట్‌మెంట్లో ఉగాది వేడుకలు, కాలనీ వినాయక మండపం, పెళ్లి రిసెప్షన్, డిసెంబర్ వస్తే చర్చి ప్రోగ్రాములు, కాలేజీ ఫెస్టులు. వీటిల్లో మన కోసమని బేస్ యాంప్ పెట్టే చోటు దాదాపు ఉండదు. ఇంట్లో ప్రాక్టీస్‌కని కొన్న ఇరవై వాట్ల యాంప్ డ్రమ్స్ పక్కన పెడితే మనకే వినపడదు, ఇక జనానికేం వినపడుతుంది. మన బేస్ జనం చెవిదాకా చేరాలంటే ఉన్న దారి ఒక్కటే, ప్రోగ్రాం పెట్టినవాళ్లు అద్దెకు తెచ్చిన సౌండ్ సెట్. అందులోకి మన సిగ్నల్ ఎంత శుభ్రంగా వెళ్తుందన్న దాన్ని బట్టే మన టోన్ ఉంటుంది, హెడ్‌స్టాక్ మీద రాసున్న పేరు ఆ తర్వాత సంగతి.

మామూలుగా జరిగేదేంటంటే, సౌండ్ అన్న ఒక పొడుగాటి కేబుల్ తెచ్చి చేతిలో పెడతాడు, దాని రెండో కొన నేరుగా మిక్సర్‌లో ఉంటుంది. పాసివ్ బేస్‌లో, అంటే లోపల బ్యాటరీ లేనిదాంట్లో, తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్‌కి ఎదురుగా కనీసం ఐదు లక్షల ఓములు, కుదిరితే పది లక్షల ఓముల ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం, ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో ఉండేది ఇంచుమించు పదీ ఇరవై వేల ఓములే. దాంతో తీగ మీద వేలు పడ్డప్పుడు వచ్చే ఆ 'టక్'మనే మొదటి చప్పుడు, స్వరానికి స్పష్టతనిచ్చే పై భాగం అంతా అక్కడే చచ్చిపోతుంది, మిగిలింది ఆ పొడుగు కేబుల్ తినేస్తుంది, దారిలో లైట్ల వైర్ల నుంచి గరగర కూడా ఎక్కించుకుని వస్తుంది. చివరికి స్పీకర్లోంచి వచ్చేది ఉత్త గుమ్ గుమ్. ఏ స్వరం వాయిస్తున్నామో పక్కనున్న కీబోర్డ్ ప్లేయర్‌కి కూడా తెలియదు. డీఐ బాక్స్ ఈ రెండు సమస్యలనీ ఒకేసారి తీరుస్తుంది. గిటార్‌కి కావలసిన ఇంపీడెన్స్ ఇస్తుంది, అటువైపు మైక్ కేబుల్‌లో, దారిలో ఎక్కే గరగర రద్దయ్యేలా, బ్యాలెన్స్‌డ్ సిగ్నల్‌గా పంపిస్తుంది, ఇక యాభై మీటర్లు లాగినా భయం లేదు.

ఏది కొనాలంటే, మీది పాసివ్ బేస్ అయితే యాక్టివ్ డీఐ, అందులోనూ తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచేది చూసుకోండి. మిక్సర్ మైక్ కేబుల్ ద్వారా పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ మీద మాత్రమే నడిచేవి కూడా ఉంటాయి, మంచివే, కానీ అద్దె సెట్లలో పాత మిక్సర్ తగిలితే ఫాంటమ్ ఉండకపోవచ్చు, ఉన్నా ఆ చానల్‌కి వేయించే ఓపిక ఆ హడావిడిలో ఎవరికీ ఉండదు. బేస్‌లోనే బ్యాటరీ ఉన్న యాక్టివ్ మోడల్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ సరిపోతుంది. అన్నట్టు యాక్టివ్ బేస్ ఉన్నవాళ్లు జాక్ గుచ్చి వదిలేయకండి, చాలా బేసుల్లో జాక్ లోపల ఉన్నంతసేపూ సర్క్యూట్ ఆన్‌లోనే ఉంటుంది, బ్యాటరీ ఊరికే ఖర్చవుతూ ఉంటుంది.

డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది, గిటార్ వైపుకీ మిక్సర్ వైపుకీ మధ్య గ్రౌండ్ కలయికని తెంచి, కరెంటు లైన్ నుంచి వచ్చే 'హమ్' అనే గుయ్‌మనే మోతని తగ్గిస్తుంది. నా దృష్టిలో డబ్బాకి పెట్టే డబ్బులో సగం ఆ స్విచ్ కోసమే. మన కరెంటు 50 హెర్ట్జ్. బేస్ మీద లావు తీగ మూడో ఫ్రెట్‌లో ఉండే 'జి' స్వరం 49 హెర్ట్జ్. అంటే హమ్ దాదాపు మన స్వరం మీదే వచ్చి కూర్చుంటుంది, పాట ఐదు శ్రుతిలో, అంటే 'జి'లో ఉంటే కింద షడ్జమానికీ హమ్‌కీ మధ్య ఆ ఒక్క హెర్ట్జ్ తేడా కొట్టుకుంటూనే ఉంటుంది. మండపానికి వేసిన సీరియల్ లైట్లు, వాటి డిమ్మర్లు అదే లైన్ మీద ఉంటే ఇంకా ఘోరం. అందుకే సౌండ్‌కి, లైటింగ్‌కి వేరు వేరు లైన్లు ఇమ్మని ముందే అడగాలి, జనరేటర్ మీద నడిచే ప్రోగ్రాం అయితే మరీ.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. హమ్ పోవడానికి ప్లగ్ ఎర్త్ పిన్ తీసేసేవాళ్లను, వైర్లు ఊడదీసి నేరుగా సాకెట్లో గుచ్చి అగ్గిపుల్ల పెట్టేవాళ్లను నేను కళ్లారా చూశాను. హమ్ పోతుంది, నిజమే. కానీ ఎక్కడైనా లీకేజీ ఉంటే అది మన తీగలకీ మైక్ జాలీకీ మధ్య మన ఒంట్లోంచే దారి వెతుక్కుంటుంది. 1972లో స్టోన్ ద క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వే వేల్స్‌లోని స్వాన్సీలో సరిగ్గా ఇలాగే, చేతిలో గిటార్ ఉండగా ఎర్తింగ్ లేని మైక్ ముట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. వర్షాకాలంలో తడి మట్టి మీద వేసిన చెక్క స్టేజీల మీద వాయించేది మనం. నా బ్యాగులో ఎప్పుడూ ఒక టెస్టర్ ఉంటుంది. సౌండ్ చెక్‌కి ముందు దాని కొనను మైక్ జాలీకి ఒకసారి, బేస్ మీద తీగలు బిగించి ఉండే లోహపు బ్రిడ్జికి ఒకసారి ఆనించి చూస్తాను. లోపలి లైటు మినుకుమందంటే ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసేదాకా స్టేజీ ఎక్కను, ఎవరేమనుకున్నా సరే, పాడేవాళ్లనీ ఎక్కనివ్వను.

హమ్ మాట వచ్చింది కాబట్టి పికప్‌ల గురించీ చెప్పేస్తా. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రిసిషన్ బేస్‌కి 1957లో పికప్‌ని రెండు ముక్కలుగా చేసి పెట్టారు, ఆ రెండు ముక్కలూ ఒకదాని హమ్‌ని ఒకటి కొట్టేస్తాయి. 1960లో వచ్చిన జాజ్ బేస్‌లో రెండు పికప్‌లూ ఫుల్‌లో ఉన్నప్పుడే అది జరుగుతుంది, ఒకదాన్ని తగ్గించగానే గరగర మొదలు. జాజ్ బేస్ శబ్దం నాకూ ఇష్టమే, కానీ ఫంక్షన్ హాళ్లలో వాయించేవాళ్లకి ప్రిసిషన్ తరహా బేస్ చాలా నిశ్చింత, స్క్వయర్‌లో అయినా సరే.

టోన్ విషయానికొస్తే, ఇంట్లో ఒంటరిగా వాయిస్తుంటే కింద బాగా పెంచి, మధ్య తగ్గించి, పైన కొంచెం మెరుపు పెడితే అద్భుతంగా ఉంటుంది. అదే సెట్టింగ్ హాల్లో బ్యాండుతో కలిస్తే బేస్ మాయమైపోతుంది. అద్దె సెట్లు ఎక్కువగా డీజేల కోసం కట్టినవి, పద్దెనిమిది అంగుళాల స్పీకర్లు, కింద ఇప్పటికే కావలసినదానికంటే ఎక్కువ ఉంటుంది. లావు తీగ 'ఇ' 41 హెర్ట్జ్, గాలిలో ఆ తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు, రేకుల షెడ్డులో ఒక మూల గుడగుడలాడి నడిమధ్య అసలు లేకుండా పోతుంది. జనం చెవి స్వరాన్ని గుర్తుపట్టేది దాని పైనుండే 82, 123 ఇంకా ఆ పై హార్మోనిక్స్‌తో, అంటే అదే స్వరంతో పాటు మోగే రెట్టింపు, మూడింతల ధ్వనులతో. అందుకే నేను కింద కాస్త తగ్గించి 700, 800 హెర్ట్జ్ దగ్గర పెంచమంటాను. దగ్గర్నుంచి వింటే ముక్కుతో పాడినట్టు ఉంటుంది, పదో వరసలో కూర్చుని వింటే ప్రతి స్వరం విడివిడిగా వినపడుతుంది. సౌండ్ చెక్‌లో ఒక ఫ్రెండ్‌ని హాలు మధ్యలో నిలబెట్టి అడగండి. సౌండ్ అన్నతో మాత్రం గొడవ పెట్టుకోకండి. పొద్దున్నుంచీ బాక్సులు మోసినవాడు, పేరు కనుక్కుని, టీ తాగారా అని అడిగి, "అన్నా, బేస్ చానల్లో లో కొంచెం తగ్గించవా" అంటే సంతోషంగా చేస్తాడు.

ఆర్కెస్ట్రాల్లో బేస్‌కి ఇంకో పెద్ద అడ్డంకి కీబోర్డ్ ఎడమ చెయ్యి. మన దగ్గర చాలామంది కీబోర్డ్ ప్లేయర్లు బేసిస్ట్ లేకుండానే ఏళ్ల తరబడి వాయించినవాళ్లు, ఎడమ చేత్తో బేస్ వేయడం వాళ్లకి ఊపిరి పీల్చినంత అలవాటు. కీబోర్డ్‌లో ముందే ఉండే రెడీమేడ్ వాద్యాల నేపథ్యం, అంటే స్టైల్స్ వాడేవాళ్లయితే ఆ స్టైల్‌లో బేస్ ట్రాక్ ఒకటి దానంతటదే మోగుతూ ఉంటుంది. మైనస్ వన్ ట్రాకుల సంగతి సరేసరి, గాత్రం తీసేస్తారు కానీ బేస్ అలాగే ఉంటుంది. ఇద్దరు బేసిస్టులు ఒకే పాటలో వేరు వేరు స్వరాలు వాయిస్తే ఎలా ఉంటుందో వినేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. స్టైల్‌లో బేస్ పార్ట్ మ్యూట్ చేయడం ఒక్క బటన్ పని, రిహార్సల్లోనే మర్యాదగా అడిగేయాలి. గుంటూరు, విజయవాడ, సికింద్రాబాద్ చర్చిల నుంచి వచ్చిన ప్లేయర్లతో నాకు ఈ ఇబ్బంది తక్కువ, ప్రతి ఆదివారం బేసిస్ట్ పక్కనే వాయించి వాయించి ఎడమ చెయ్యి ఎక్కడ ఆపాలో వాళ్లకి తెలుసు. నేను విన్న మంచి బేసిస్టుల్లో కూడా చాలామంది చర్చిల్లో నేర్చుకున్నవాళ్లే.

ఐదు తీగల బేస్ అవసరమా అని అడుగుతుంటారు. మెటల్ సంగీతం వాయించేవాళ్ల సంగతి వేరు, మన సినిమా పాటలకి అవసరమేనని నా అభిప్రాయం, కారణం సింగర్లు. స్టేజీ ఎక్కాక "గొంతు బాలేదు, ఒకటిన్నర దించండి" అంటారు. కీబోర్డ్‌కి ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, పైకి వెళ్లాలంటే గిటార్‌కి తీగలన్నీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే కేపో అనే క్లిప్పు ఉంది, మనకి ఏదీ లేదు, వేళ్లే జరగాలి. నాలుగు శ్రుతిలో అంటే 'ఎఫ్'లో నేర్చుకున్న పాట రెండు శ్రుతికి, అంటే 'డి'కి దిగిందనుకోండి, నాలుగు తీగల బేస్ మీద కింది షడ్జమం లేనే లేదు, ఎందుకంటే 'ఇ' దగ్గరే తీగ అయిపోయింది. పై స్థాయిలో వాయించాలి, చరణంలో ఆ బరువు పోతుంది. ఐదో తీగ 'బి' 31 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, 'డి' దాని మూడో ఫ్రెట్‌లో హాయిగా దొరుకుతుంది. ఆ తీగ స్పీకర్లో పూర్తిగా పలకదు, అయినా వేళ్ల అమరిక మార్చకుండా పాట మొత్తం కిందికి జరపగలగడమే పెద్ద సుఖం.

తీగల గురించి ఎక్కువ చెప్పను. అమెరికాలోని మోటౌన్ కంపెనీ రికార్డింగుల్లో వాయించిన జేమ్స్ జేమర్‌సన్ ప్రిసిషన్ మీద ఫ్లాట్‌వౌండ్ తీగలు, అంటే పైన చుట్టిన తీగ చదునుగా నున్నగా ఉండేవి, వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదు, కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే అంత సంగీతం వాయించాడు. పాత పాటలకి ఫ్లాట్‌వౌండ్ నిజంగా బాగుంటాయి, ఏళ్లు వస్తాయి, మే నెల చెమటకి కూడా తట్టుకుంటాయి. గుండ్రటి చుట్టు ఉన్న గరుకైన రౌండ్‌వౌండ్ అయితే ప్రతి ప్రోగ్రాం తర్వాత పొడి గుడ్డతో కింద వైపు కూడా తుడవాలి. దానికంటే ముఖ్యం నెక్. ఎండాకాలం నుంచి వానాకాలానికి గాలిలో తేమ మారగానే చెక్క కదులుతుంది, మొన్నటిదాకా బాగున్న బేస్ తీగ ఫ్రెట్లకి తగిలి బజ్‌మంటుంది, లేదంటే తీగలు పైకి లేచి వేళ్లు నొప్పెడతాయి. మొదటి ఫ్రెట్ ఎడమ చేత్తో, చివరి ఫ్రెట్ కుడి చేత్తో నొక్కి ఎనిమిదో ఫ్రెట్ దగ్గర సందు చూడండి, ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే చాలు. ఎక్కువుంటే నెక్ లోపల ఉండే ట్రస్ రాడ్ అనే కడ్డీని పావు చుట్టు బిగించి, మళ్లీ శ్రుతి చేసి, కాసేపు ఆగి చూడండి. బలవంతంగా మాత్రం తిప్పకండి.

ప్రోగ్రాంలో పాటల వరస మీద కూడా మన మాట చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది తర్వాత ఆరుబయట మైకు ఉండకూడదు, పండగలకి ప్రభుత్వం కొన్ని రోజులు పన్నెండుదాకా సడలించవచ్చు కానీ అది అన్నిసార్లూ ఉండదు. ఉపన్యాసాలు, సన్మానాలు సాగీ సాగీ మనకి మిగిలేది గంటో గంటన్నరో. చివర్లో పెట్టుకున్న పాటలు ఎగిరిపోతాయి, ఎప్పుడూ ఎగిరిపోయేవి నెమ్మదిగా ఉండేవే. ఇళయరాజా పాటల్లో బేస్ తనకంటూ ఒక వేరే పాట పాడుతుంది, గాయకుడు ఊపిరి తీసుకునే చోట అది మాట్లాడుతుంది, ఆ లైన్ల కోసమే బేస్ పట్టుకున్నవాళ్లం మనలో ఎంతోమంది ఉన్నాం. మా బ్యాండులో అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాం, ఆయన పాటలు రెండు తొమ్మిదిలోపే అయిపోవాలి, డాన్స్ పాటలు తర్వాత. పోలీసులు వచ్చి ఆపమంటే ఆపేది డాన్స్ పాటనే, దాన్ని ఎలాగూ డీజే మర్నాడు వేస్తాడు.