రనోమఫానా అడవిలో సిఫాకాల వెంట

మడగాస్కర్ రాజధాని అంటననారివో నుంచి ఏడో నంబరు జాతీయ రహదారి మీద దక్షిణంగా రోజంతా ప్రయాణించి, చివర తూర్పు వైపు మలుపు తిరిగి కొండలు దిగితే రనోమఫానా వస్తుంది. ఊరు దగ్గరపడే కొద్దీ అడవిని నరికి, కాల్చి, వరి చల్లిన వాలులు కనిపిస్తాయి. మన మన్యంలోని పోడును ఎరిగిన నాకు ఆ దృశ్యం కొత్త కాదు కానీ, ఆ బోడి వాలులను ఆనుకొనే, కోతులకు దూరపు బంధువులైన లెమూర్ల అడవి మొదలవడం చూసి మనసు కలుక్కుమంది.

లెమూర్లకు ప్రపంచంలో సహజ నివాసం ఈ దీవి ఒక్కటే. వాటిలోని 107 జాతుల్లో 103 జాతులు ముప్పులో ఉన్నాయని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2020లో ప్రకటించింది. అమెరికా శాస్త్రవేత్త ప్యాట్రీషియా రైట్ 1986లో ఇక్కడ బంగారు వెదురు లెమూర్లను గుర్తించిన తరువాతే ఈ అడవికి రక్షణ కోసం ప్రయత్నాలు ఊపందుకొని, 1991లో ఇది జాతీయ ఉద్యానవనమైంది. తన ఒంటి బరువున్న జంతువును చంపగల మోతాదుకు సుమారు 12 రెట్ల సయనైడ్‌ను వెదురు మొలకలతో పాటు రోజూ తిని కూడా ఆ లెమూర్ ఎలా బతుకుతుందన్నది ఇప్పటికీ పూర్తిగా వీడని చిక్కుముడి.

స్వచ్ఛంద సేవకురాలిగా నాకు అప్పగించినది మాత్రం మిల్న్-ఎడ్వర్డ్స్ సిఫాకాలనే పెద్ద లెమూర్ల గుంపు. తెల్లవారకముందే స్థానిక అన్వేషకులు రేడియో కాలర్ సంకేతాన్ని పట్టుకుని అడవిలోకి దారి తీసేవారు. గుంపు కనిపించాక, మెడలోని రంగు బిళ్లను బట్టి ఒక జంతువును ఎంచుకొని, చీకటిపడే దాకా దాన్నే వెంబడించాలి. ప్రతి ఐదు నిమిషాలకూ అది ఏం చేస్తోంది, ఏ చెట్టు ఆకును లేదా గింజను తింటోంది, నేలకు ఎంత ఎత్తున ఉంది, దాని పక్కన ఎవరున్నారు అన్నవి రాయాలి. సిఫాకా మాను నుంచి మానుకు నిటారుగా దూకుతూ లోయను క్షణాల్లో దాటేస్తుంది. అదే లోయను జలగలు, బురద, ముళ్లతీగల మధ్య మేము దిగి ఎక్కేసరికి ఊపిరి అందేది కాదు.

మా గుంపులో ఒక తల్లి పొట్టను కరుచుకొని జూన్‌లో పుట్టిన పిల్ల ఉండేది. ఆ తల్లులు సాధారణంగా రెండేళ్లకు ఒక్క పిల్లనే కంటాయి. ఆ పిల్లల్లో దాదాపు సగం తొలి ఏడాది దాటవు. ఫోసా అనే వేటజంతువు మొత్తం గుంపునే చెదరగొట్టగలదు. ఇంత నెమ్మదిగా పెరిగే జాతిలో ఒక్క పిల్ల బతికిందా లేదా అన్నది లెక్కల్లో చాలా పెద్ద మార్పు కాబట్టి, అది పాలు తాగిన ప్రతిసారీ ఎంతో శ్రద్ధగా నమోదు చేశాను.

నా నమోదులు అన్వేషకుడి నమోదులతో సరిపోలే దాకా వాటిని లెక్కలోకి తీసుకోలేదు. అది సరైన పద్ధతే. ఆయన ఆకు వాసన చూసి చెట్టు పేరు చెప్పేవారు, కొమ్మ ఊగిన తీరును బట్టి ఏ జంతువో గుర్తుపట్టేవారు. మీ దేశంలో లెమూర్లు ఉన్నాయా అని ఆయన అడిగితే, లేవు కానీ వాటికి దూరపు బంధువైన దేవాంగపిల్లి మా శేషాచలం కొండల్లో రాత్రిళ్లు తిరుగుతుందని చెప్పాను. దాన్ని ఎవరు వెంబడించి రాస్తున్నారన్నది ఆయన తరువాతి ప్రశ్న.

వెళ్లాలనుకునేవారికి నా సలహా: కొన్ని రోజుల కోసం వెళ్లకండి, ఎందుకంటే కొత్తవారి నమోదులు నమ్మదగినవిగా మారడానికే సమయం పడుతుంది. జనవరి నుంచి మార్చి వరకు తుపానులు, కుండపోత వానలు ఉంటాయి. జూన్, జూలైలలో చలి, తుంపర ఉన్నా సిఫాకా పిల్లలను చూడవచ్చు. మీరు చెల్లించే రుసుములో స్థానిక అన్వేషకుల జీతాలకు ఎంత వెళుతుందో ముందే అడగండి. మనం తిరిగి వచ్చాక కూడా ఆ గుంపు వెనుక నడిచేది వారే.