బోరు నీళ్లకు ఏ గీజర్ పెట్టాలె?

దసరా పోయిందంటే చాలు, మా దేవరకొండ దిక్కు ఎవరింటికి పోయినా గీజర్ ఏ కంపెనీది మంచిది అనే అడుగుతరు. కంపెనీ తర్వాత చూద్దాం గానీ ముందు మీ బాత్రూంల ఏ నీళ్లొస్తయో చెప్పుండ్రి అంటే ఎగాదిగా చూస్తరు. నల్గొండ, పాలమూరు కాడ అసలు సంగతి అదే మరి. తాగనీకి భగీరథ నీళ్లు పట్టుకున్నా తానానికి చానా ఇండ్లల్ల బోరు నీళ్లే, అవి కాగబెట్టిన గిన్నె అడుగుకు తెల్లగ సున్నం పడ్తది కదా, గీజర్ లోపట కూడా గదే అయితది, కాకపోతే మనకు కనపడది.

అందుకే ఇన్‌స్టంట్ గీజర్, అంటే నీళ్లు నిల్వ పెట్టకుండ అప్పటికప్పుడు కాగబెట్టేది, బాత్రూంకు వద్దంట నేను. చిన్నగ ఉంటది, ధర తక్కువ, నిజమే. కానీ 3 కిలోవాట్లది తీస్కున్నా 25 డిగ్రీల నీళ్లు 40 డిగ్రీలు కావాలంటే నిమిషానికి 3 లీటర్ల లోపే వస్తయి, బకెట్ నిండేదాకా సలికి వణుక్కుంట నిలబడాలె. పైంగ లోపట జాగ తక్కువ కాబట్టి సున్నం తొందరగ పేరుకుంటది. వంటింట్ల గిన్నెలు కడగనీకి అయితే సరే.

స్టోరేజీ గీజర్, అంటే ట్యాంకుల నీళ్లు నింపి కాగబెట్టేది, 15 లీటర్లది, 2 కిలోవాట్లది, 60 డిగ్రీలకు రావాలంటే ఇరవై నిమిషాల లోపే, కరెంటు 0.6 యూనిట్ అటుఇటు. ఆ నీళ్లల్ల సల్లనీళ్లు కలుపుకుంటే 35 లీటర్ల గోరువెచ్చటి నీళ్లయితయి, ఇద్దరికి సరిపోతయి, ఇంట్ల నలుగురైదుగురు ఉంటే 25 లీటర్లది చూస్కోండ్రి. షాపుల కరెంటు ఆదా స్టార్లు చూపిస్తడు, చూడుండ్రి, కానీ ట్యాంకు లోపట గ్లాస్ కోటింగ్ ఉందా, మెగ్నీషియం రాడ్ మార్చనీకి కొత్తది దొరుకుతదా అని కూడా అడగుండ్రి. ఆ రాడ్ తను అరిగిపోయి ట్యాంకుకు తుప్పు పట్టకుండ కాపాడ్తది, మన నీళ్లకు జల్ది అరుగుతది, ఏడాదికోసారి ఇప్పి చూపియ్యాలె. వేడి ఎంత పెంచితే సున్నం అంత ఎక్కువ, 50-55 డిగ్రీల కాడ పెట్టుకుంటే చాలు. ఇంకోమాట, కాగబెడితే మన బోరు నీళ్లల్లది ఫ్లోరైడ్ పోతదనుకునేటోళ్లు ఇంకా ఉన్నరు. పోదు. నీళ్లు ఆవిరైనకొద్ది ఇంకా చిక్కగైతది, గీజర్ నీళ్లు వంటకు వాడకుండ్రి.

ఎండకు మన దగ్గర కరువు లేదు కాబట్టి సొంతిల్లు ఉన్నోళ్లకు నా ఓటు సోలార్‌కే. దాంట్ల కూడా రాగి పైపుల ఫ్లాట్ ప్లేట్ కాదు, గాజు ట్యూబులది, సన్న పైపుల్ల సున్నం అడ్డం పడితే తీయనీకి తిప్పలైతది. కానీ కోతులు! మా వాడకట్టుల డాబా మీద ట్యూబులు పగలని ఇల్లు తక్కువ, పైన ఇనుప జాలి కొట్టియ్యాల్సిందే. ట్యూబులు ఎండకు ఖాళీగ కాగినంక మిట్టమధ్యాహ్నం సల్లనీళ్లు ఇడిచినా పగుల్తయి, పొద్దుగాలనే నింపాలె.

పత్తి కట్టె ఇంటిముందట కుప్పలు ఉన్న ఊర్లోళ్లకు పాత రాగి బాయిలరే మేలు, ఒక చెంబు సల్లనీళ్లు పోస్తే ఒక చెంబు వేడినీళ్లు బయటికొస్తయి, కరెంటు పోయినా ఫికర్ లేదు. నీళ్లు లేకుండ మంట మాత్రం పెట్టొద్దు, అతుకులు ఊడ్తయి. గ్యాస్ గీజర్ అంటారా, తలుపు మూసిన బాత్రూంల పెడితే ప్రాణం మీదికొస్తది, దాంట్లకెళ్లి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండది, బయట గోడకే పెట్టియ్యాలె.

ఏది కొన్నా ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు 16 ఆంప్స్ సాకెట్ పెట్టిచ్చి, ఎర్తింగ్ పక్కా చెక్ చేయించుండ్రి, మా దిక్కు పాత ఇండ్లల్ల సాకెట్‌కు మూడు రంధ్రాలుంటయి గానీ ఎర్తింగ్‌ది అయిన పై రంధ్రం ఎనక వైరే ఉండది.