కర్రీ పాయింట్ మెనూ పేజీ: మొదటి వరుసలో మాత్రమే మొండికేసిన ‘తీసెయ్’ బటన్

జావాస్క్రిప్ట్ ఒక్క లైను కూడా లేని మెనూ పేజీకి చివరి అడ్డంకి తొలగింది! అమీర్‌పేటలో సెల్లార్‌లో నడిచే కర్రీ పాయింట్ కోసం చేస్తున్న పేజీ ఇది. అక్కడ సిగ్నల్ ఒక గీత దాటదు. స్క్రిప్ట్ దిగేదాకా ఆగే ఓపిక కౌంటర్ దగ్గర ఎవరికుంటుంది? కూరలు, పప్పులు, వేపుళ్లు విడివిడిగా తెరుచుకునే భాగం హెచ్‌టీఎంఎల్ డీటెయిల్స్ ట్యాగ్‌తో అయిపోయింది. అన్నిటికీ నేమ్ యాట్రిబ్యూట్‌లో ఒకే పేరు ఇస్తే ఒకటి తెరవగానే ఇంకోటి మూసుకుంటుంది (క్రోమ్ 120, సఫారీ 17.2, ఫైర్‌ఫాక్స్ 130 నుంచి). సేవ్ తర్వాత 303తో (వేరే పేజీకి వెళ్లమని సర్వర్ ఇచ్చే జవాబు) మళ్లించడమూ బాగానే నడుస్తోంది.

సతాయించింది వంటను మెనూలోంచి చెరిపే తీసెయ్ బటనే. పేజీ మొత్తానికి ఒక పెద్ద ఫామ్, దాని యాక్షన్ (నింపినవి వెళ్లే చిరునామా) సేవ్‌కి. లోపల యూఎల్ లిస్టు, ఐదు వంటలు. ప్రతి వరుసలో ప్యాకెట్ల సంఖ్యకు ఒక డబ్బా, ఆ పక్కనే డిలీట్‌కి వెళ్లే చిన్న ఫామ్, అందులో తెరపై కనిపించని హిడెన్ ఐడీ (ఆ వంట నంబరు), బటన్. లిస్టు ముగిశాక కింద సేవ్ బటన్.

గోంగూర పప్పు, దొండకాయ వేపుడు, మిగతావి నొక్కగానే పోతున్నాయి. మొదటి వరుసలోని గుత్తి వంకాయ మాత్రం కదలదు. బ్రౌజర్ పంపే రిక్వెస్టులు కనిపించే నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూస్తే ఆ రిక్వెస్ట్ డిలీట్‌కి కాదు, సేవ్‌కి పోతోంది. వెళ్లినవి ఆరు ఫీల్డులు: ఐదు ప్యాకెట్ల సంఖ్యలు, మొదటి వరుస ఐడీ. కింది సేవ్ నొక్కితే అసలు రిక్వెస్టే లేదు, ఎర్రర్ కూడా లేదు.

బటన్ మీద ఇంకేదైనా పరుచుకుందేమోనని సీఎస్ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్) మొత్తం తీసినా అదే తంతు. ఐడీలు రెండుసార్లు వచ్చాయేమోనని చూస్తే రాలేదు. పచ్చి పులుసును పైకి జరిపితే మొండికేయడం దాని వంతైంది. అంటే తేడా డేటాలో లేదు, స్థానంలో ఉంది. సర్వర్ పంపిన సోర్సులో ఫామ్ ట్యాగులు 6, బ్రౌజర్ నిజంగా కట్టిన పేజీలో ఇన్‌స్పెక్టర్ చూపించే ఫామ్‌లు 5. గుట్టంతా ఆ పోయిన ఒక్కదానిలోనే ఉంది.

ఫామ్‌లో ఫామ్ పెట్టడం హెచ్‌టీఎంఎల్‌లో కుదరదు. బయటి ఫామ్ తెరిచి ఉండగా ఇంకో ఫామ్ ట్యాగ్ వస్తే పార్సర్ (కోడ్ చదివి పేజీ కట్టే బ్రౌజర్ భాగం) దాన్ని పారేస్తుంది. కానీ దాని ముగింపు ట్యాగ్‌ను పారేయదు, దాంతో బయటి ఫామ్‌ను మూసేస్తుంది. అందుకే మొదటి వరుస బటన్, ఐడీ పెద్ద ఫామ్‌కి చెందిపోయాయి. రెండో వరుసకు వచ్చేసరికి పార్సర్ లెక్కలో తెరిచిన ఫామ్ ఏదీ లేదు, కాబట్టి అక్కడి నుంచి చిన్న ఫామ్‌లు నిజంగానే పుట్టి పనిచేస్తాయి. యూఎల్ ఇంకా పెద్ద ఫామ్ లోపలే ఉంది గనక సంఖ్యల డబ్బాలన్నీ దానికే దక్కాయి. యూఎల్ దాటాక వచ్చిన సేవ్ బటన్‌కి మాత్రం ఏ ఫామూ లేదు. ఫైర్‌ఫాక్స్‌లో వ్యూ సోర్స్ తెరిస్తే ఆ లోపలి ట్యాగ్ ఎర్రగా కనిపిస్తుంది. ఇలాంటి వాటికి క్రోమ్ కన్నా అదే నయం.

దీనికి మందుగా మొదట ఫామ్‌యాక్షన్ (ఒక బటన్‌కి మాత్రం వేరే చిరునామా ఇచ్చే యాట్రిబ్యూట్) పెట్టి చూశాను. పెద్ద ఫామ్ ఒక్కటే ఉంచి, తీసెయ్ బటన్‌కి ఫామ్‌యాక్షన్‌గా డిలీట్ ఇవ్వడం. నొక్కితే పోతుంది. కానీ సంఖ్య కొట్టి ఎంటర్ నొక్కితే బ్రౌజర్ ఆ ఫామ్‌లో ముందొచ్చే సబ్మిట్ బటన్‌నే ఎంచుకుంటుంది, అంటే మొదటి వరుస తీసెయ్! అన్నం ప్యాకెట్లు 40 చేయబోతే గుత్తి వంకాయ మాయం. పైగా తప్పక నింపాల్సిన (రిక్వయర్డ్) డబ్బా ఏదైనా ఖాళీగా ఉంటే, ఆ తనిఖీని ఆపే ఫామ్‌నోవాలిడేట్ లేకుండా తీసెయ్ కూడా ఆగిపోతుంది. ఈ పద్ధతి నాకు నచ్చలేదు.

నిలిచింది ఇది. పెద్ద ఫామ్ బయట, పేజీ చివర, లోపల ఏమీ లేని ఒకే ఒక ఫామ్: ఐడీ ‘తొలగింపు’, మెథడ్ పోస్ట్ (డేటాను మార్చే పనులకు వాడే పద్ధతి), యాక్షన్ డిలీట్. వరుసల్లోని ప్రతి తీసెయ్ బటన్‌కి ఫామ్ అనే యాట్రిబ్యూట్‌లో ‘తొలగింపు’, నేమ్‌లో ఐడీ, వాల్యూలో ఆ వంట నంబరు. నొక్కిన బటన్ వాల్యూ ఒక్కటే వెళ్తుంది కాబట్టి ఐదు వంటలకైనా యాభైకైనా ఒక్క ఫామ్ చాలు, హిడెన్ ఫీల్డులు అక్కర్లేదు. ఈ బటన్లు పెద్ద ఫామ్‌వి కావు గనక ఎంటర్ నేరుగా సేవ్‌కే పోతుంది.

తీసెయ్‌ని లింకుతో చేయమనే సలహాలు కనిపిస్తుంటాయి. వద్దు. లింకును బ్రౌజరో బాటో ముందే తెరిచి చూడొచ్చు. చెరిపేసే పని పోస్ట్‌తోనే జరగాలి. చెక్‌బాక్స్ దాచి లేబుల్‌ని బటన్‌లా వాడే చిట్కా కూడా నాకు ఇష్టం లేదు, కీబోర్డుతో వాడేవాళ్లకు అది నరకం.

ఇక తర్వాతి పని వంటలు వెతికే ఫామ్. అది గెట్ (నింపినవి అడ్రస్‌లోనే వెళ్లే పద్ధతి) కాబట్టి యాక్షన్‌లో ప్రశ్న గుర్తు తర్వాత రాసినవన్నీ సబ్మిట్ అవగానే ఎగిరిపోతాయి, వాటిని హిడెన్ ఫీల్డులుగా మార్చాలి. ఆ తర్వాత ‘నిజంగా తీసెయ్యాలా?’ అని అడిగే పాపోవర్, అంటే పేజీ మీద తేలే చిన్న పెట్టె. కమాండ్‌ఫర్ యాట్రిబ్యూట్‌తో డైలాగ్ తెరవడం క్రోమ్‌లో 135 నుంచే వచ్చింది, కౌంటర్ దగ్గరి పాత ఫోన్ మీద నమ్మలేను. పాపోవర్‌ను తెరిచే పాపోవర్‌టార్గెట్ యాట్రిబ్యూట్ క్రోమ్ 114 నుంచే ఉంది, దాంతోనే మొదలుపెడతాను. ఫామ్ లోపలి బటన్‌కి టైప్ యాట్రిబ్యూట్‌లో ‘బటన్’ అని రాయకపోతే పాపోవర్ తెరుచుకోదు, ఫామ్ వెళ్లిపోతుంది. కాబట్టి టెంప్లేట్‌లో ముందు అదే చేర్చాలి.