విడివిడిగా వడ్డించిన నిమ్మకాయ ‘పై’

సంక్రాంతి వెళ్లిన తర్వాతి శనివారం మా అమ్మాయి వాళ్లు నన్ను ఎప్కాట్‌కు తీసుకెళ్లారు. అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రం టాంపాలో వాళ్ల ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం. ఆర్లాండో దగ్గరి డిస్నీ వరల్డ్‌లో ఉన్న నాలుగు పార్కుల్లో ఇదొకటి. ఏటా జనవరి మధ్యలో మొదలై ఫిబ్రవరి దాకా ఇక్కడ కళల పండుగ సాగుతుంది. 2017లో ఆరంభమైందట. "బొమ్మలు, పాటలు అన్నీ ఉంటాయి అత్తయ్యా, కానీ సగం మంది వచ్చేది తిండికే" అన్నాడు అల్లుడు కారులో. నేను శాకాహారిని. గుడ్డు కలిసిన కేకు వరకైతే సర్దుకుంటాను. నాకక్కడ ఏం దొరుకుతుందిలే అనుకుంటూనే బయల్దేరాను.

లోపల ఒక చెరువు, దాని చుట్టూ పదకొండు దేశాల పేరుతో పదకొండు ప్రాంగణాలు. ఒక చుట్టు తిరిగితే దాదాపు రెండు కిలోమీటర్లు. ఆ దారి పొడవునా పండుగ కోసం తెరిచిన చిన్న చిన్న తిండి కొట్లు. వాటిని ఇక్కడ ఫుడ్ స్టూడియోలు అంటారు. దేశాల వైపు గేటు పదకొండింటికి గానీ తెరవరు కాబట్టి, అప్పటిదాకా నేల మీద రంగు సుద్దలతో బొమ్మలు వేసేవాళ్ల దగ్గర నిలబడ్డాం. మోకాళ్ల కింద మెత్త వేసుకుని, గంటల కొద్దీ వంగి వేస్తున్నారు. మా వీధిలో పండుగ ముగ్గు మీద ఎవరైనా అడుగు పెడితే కేకలు వేస్తాం. వీళ్లు చుట్టూ తాడు కట్టుకుని నిశ్చింతగా ఉన్నారు.

మొదట టమాటా సూపు. ఆ కొట్టు పేరు పాప్ ఈట్స్. చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1962లో సూపు డబ్బాల బొమ్మలు ముప్పై రెండు వేసి పేరు తెచ్చుకున్నాడు కదా, ఆ ధోరణిని తిండిలోకి దించారన్నమాట. తోడుగా ఇచ్చిన చీజ్ శాండ్‌విచ్‌లో పంది మాంసం ఉందని అమ్మాయి పలక చదివి చెప్పడంతో అది అల్లుడి వాటాకు పోయింది. సూపు నాది. చిక్కగా, వెచ్చగా, ఆ చలిగాలికి హాయిగానే ఉంది. కానీ చారు కాచి పోపు పెట్టడం మరచిపోయినట్టు, ఏదో మిగిలిపోయిందని నాలుక వెతుక్కుంటూనే ఉంది. అది నా నాలుక అలవాటే కావచ్చు.

మనవరాలికి మాత్రం రంగుల కేకు కావాలి. రంగురంగుల పొరలు, పైన నీరంతా తీసేసి ఎండబెట్టిన స్కిటిల్స్ మిఠాయి బిళ్లలు. అవి ఉబ్బి, అప్పడంలా కరకరలాడుతున్నాయి. ఈ కొట్టంతా ఫిగ్మెంట్ అనే ఊదా రంగు డ్రాగన్ పేరు మీద నడుస్తుంది. 2022 పండుగలో ఆ డ్రాగన్ రూపంలో ఉన్న పాప్‌కార్న్ డబ్బా కోసం జనం గంటల తరబడి వరుసలో నిలబడ్డారని అల్లుడు చెప్పాడు. కేకు ఒక ముక్క తిన్నాను. రంగులు ఎన్నో, రుచి ఒకటే. పిల్ల ముఖం చూస్తే నా అభిప్రాయానికి విలువ లేదని తెలిసిపోయింది.

ఆ తర్వాతి కొట్టు పేరు డీకన్‌స్ట్రక్టెడ్ డిష్. అందరికీ తెలిసిన వంటకాన్ని భాగాలుగా విడగొట్టి, పళ్లెంలో వేర్వేరుగా పేర్చి ఇవ్వడం వీళ్ల ప్రత్యేకత. నాకు నవ్వొచ్చింది. "పులిహోర అడిగితే ఒక మూల అన్నం, ఒక మూల చింతపండు గుజ్జు, ఒక మూల పోపు పెట్టి ఇస్తే ఊరుకుంటామా?" అన్నాను. "తిని చెప్పమ్మా" అంది అమ్మాయి.

వచ్చింది కీ లైమ్ ‘పై’, అంటే నిమ్మరసంతో చేసే తీపి వంటకం. ఫ్లోరిడా వాళ్లకు ఇది 2006 నుంచి అధికారిక రాష్ట్ర ‘పై’. ఫ్లోరిడా కీస్ అనే దీవుల్లో పుట్టిన వంట అంటారు. అక్కడ ఒకప్పుడు తాజా పాలకు కరువే. అందుకని డబ్బాలో వచ్చే చిక్కని తీపి పాలు, గుడ్డు సొన, నిమ్మరసం కలిపి చేసుకునేవారు. ఇక ఆ కీ లైమ్ మరేదో కాదు, మన కాగితపు నిమ్మే! ఆసియాలో పుట్టి, సముద్రాలు దాటి వెళ్లి ఆ దీవుల పేరు తగిలించుకుంది. మాది నెల్లూరు. గూడూరు నిమ్మకాయల బస్తాల మధ్య పెరిగినదాన్ని నేను.

పళ్లెంలో నిమ్మ మిశ్రమం పచ్చటి రిబ్బను ముక్కలా వంపు తిరిగి పడుకుని ఉంది. చెంచాతో తడితే తెగకుండా సాగింది. పక్కన నురగలాంటి తెల్లటి ముద్ద, బిస్కట్టు రుచి ఉన్న చిన్న కేకు ముక్కలు, వేలెడంత గుడ్డు తెల్లసొన మిఠాయిలు. దేనికది తింటే రిబ్బను మరీ పులుపు, మిఠాయి మరీ తీపి. అప్పుడు అర్థమైంది, కలపాల్సింది నేనేనని. అన్నం కలుపుకున్నట్టు, ఒకసారి పులుపు ఎక్కువ, ఒకసారి తక్కువ పెట్టుకుంటూ తిన్నాను. నాలుగో చెంచాకు నాకు సరిపోయే పాళ్లు కుదిరాయి. పళ్లెం అల్లుడి వైపు జరపాల్సింది, జరపలేదు.

రిసోటో గురించి పెద్దగా చెప్పను. పుట్టగొడుగులు, చీజ్, బియ్యం. మిరియాలు తగ్గిన కట్టె పొంగలి.

మొరాకో ప్రాంగణంలో మాత్రం గంట కూర్చున్నాం. ఆ గోడల మీది పలకల పనికి అప్పటి రాజు రెండో హసన్ తన దేశం నుంచే పనివాళ్లను పంపించాడు. చేతితో చెక్కిన చిన్న చిన్న ముక్కలు, ఒక్కో నక్షత్రం ఒక్కో తీరు. అక్కడి కొట్లో రాతి పొయ్యి మీద కాల్చిన రొట్టె, మూడు రకాల నంజుళ్లు తీసుకున్నాం. శనగల హమ్మస్ తెలిసిందే. చెర్మూలా అనేది నూనె, ఆకుకూరల ముద్ద. మూడోది జూగ్, యెమెన్ వైపు వంట. ఆకుపచ్చగా, మెత్తగా, చూడటానికి సాధువు. ఒక వేలికి అద్దుకుని నాకానో లేదో, పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి! పొద్దుటి నుంచి వెతుకుతున్నది దొరికేసింది. "ఇది మన కొత్తిమీర పచ్చడే కదా అమ్మమ్మా" అంది పిల్ల, కళ్లలో నీళ్లతో. ఆ చిన్న గిన్నె నేనే ఖాళీ చేశాను. రొట్టె అయిపోయాక కూడా.

జాబితాలో ఉన్న వంటకాలు ఐదు తింటే, పుస్తకంలో ముద్రలు వేసి ఒక బహుమతి ఇస్తారు. మాకు నాలుగు ముద్రలు పడ్డాయి. సాయంత్రానికి ఒక్కరి కడుపులోనూ చోటు లేదు. గోడకు అంటించిన పెద్ద బొమ్మలో అంకెల ప్రకారం రంగులు నింపడానికి చిన్న గిన్నెడు రంగు, కుంచె ఇస్తే మనవరాలు తనకిచ్చిన గడులు నింపింది. దాని చొక్కా మీద ఉన్నది ఆ రంగో, కేకు రంగో మా అమ్మాయికి అంతు పట్టలేదు.

తిరుగు ప్రయాణంలో కారు వెనక సీట్లో పిల్ల ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏదో గీస్తోంది. దీపం వేసి చూశాను. ఖాళీగా ఉన్న ఐదో గడిలో, ఆకుపచ్చ పెన్సిల్‌తో, ఒక నిమ్మకాయ.