ఆ పచ్చ లైటు
నిన్న నైట్ డ్యూటీలో మా క్యాజువాల్టీకి ఒక పెద్దాయన వచ్చాడు, షుగర్ పేషెంట్, "గ్యాస్ పట్టేసింది డాక్టరమ్మా, ఒక ఇంజెక్షన్ ఇస్తే చాలు" అంటాడు, చొక్కా మాత్రం చెమటకి తడిసి ముద్దయింది. మేం ట్రయల్ వేస్తున్న ఏఐ ట్రయాజ్ టూల్ (ఎవర్ని ముందు చూడాలో చెప్పేది) పచ్చ, అంటే అర్జెంటు కాదని, చూపించింది, పల్సూ బీపీ బాగానే ఉన్నాయి కదా మరి. మా సిస్టర్ ఆ స్క్రీన్ వంక కూడా చూడకుండా ఈసీజీ తీసేసింది, చూస్తే హార్ట్ ఎటాక్! షుగర్ ముదిరినోళ్లకి ఒక్కోసారి నొప్పే తెలీదు, చెమటకేమో టూల్‌కి ఇచ్చే మా ఫారంలో గడే లేదు. 2021లో అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు ఒక సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదికి రావడం) అలర్ట్ మోడల్‌ని చెక్ చేస్తే 67 శాతం సెప్సిస్ పేషెంట్లని పట్టుకోలేదని తేలింది, అది చదివి మనది అలా కాదులే అనుకున్నా (పొగరు!). పొద్దున్నే, ఆ టూల్‌కి కోడ్ రాసే తమ్ముడికి ఫోన్ చేసి, ముందు ఆ పచ్చ తీసెయ్ రా, తెలీకపోతే తెలీదనే చూపించమను అన్నా.