చెవిలో గవ్వలు

రే బ్రాడ్‌బరీ 1953లో రాసిన ‘ఫారెన్‌హీట్ 451’ నవల ఈ ఎండల్లో చదివాను. అందులో పుస్తకాలు తగలబెట్టడం గురించే అందరూ చెప్తారు గానీ, నన్ను భయపెట్టింది వేరే. హీరో భార్య చెవుల్లో గవ్వల్లాంటి బుల్లి రేడియోలు పెట్టుకుని పడుకుంటుంది. రాత్రంతా పాటలు, మాటలు. పక్కనే ఉన్న భర్తకి ఆమె అందదు. ఇయర్‌బడ్స్ లేని రోజుల్లో రాశాడాయన ఇది! ఒళ్లు జలదరించింది.

నాకు వేసవి పాటలంటే ఇళయరాజావే. ముఖ్యంగా 1991 నాటి ‘ఆదిత్య 369’. టైమ్ మెషిన్ సరదాతో పాటు, అణుయుద్ధం తర్వాత మనుషులు భూమి కింద బతికే కాలాన్నీ ఆ సినిమా చూపించింది. చిన్నప్పుడు పాటలే పట్టించుకున్నాం. ఇప్పుడు ఆ భాగమే ఎక్కువ గుర్తొస్తోంది.

ఘంటసాల సంగీతం నేర్చుకున్న విజయనగరం మాది. మే నెలలో కరెంటు పోతే వీధంతా డాబాల మీదే ఉండేది. ఒకరు పల్లవి అందుకుంటే పక్క డాబా నుంచి చరణం వచ్చేది. ఇప్పుడు మా ఇంట్లో నలుగురం నాలుగు పాటలు వింటున్నాం, అవి కూడా యాప్ ఎంచినవి. నాకిది అస్సలు నచ్చడం లేదు. ఈ వేసవంతా రాత్రి భోజనాలయ్యాక ఒకే స్పీకరు, అందరికీ ఒకే పాట అని ఇంట్లో చెప్పేశాను. మొదటి పాట ఎంచే వంతు అమ్మది.