సైకిలు మీద బడిసంచులు

విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి నుంచి గంటస్తంభం వైపు బడివేళ సైకిలు తొక్కుతున్నప్పుడు, బరువు ఎంతన్నదానికన్నా అది ఎక్కడ ఉన్నదన్నదే ముఖ్యమని నాకు అర్థమైంది. హ్యాండిలుకు తగిలించిన సంచులు ఊగుతూ, మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాన్ని తమవైపు లాగుతాయి. అవే సంచులను వెనుక చక్రానికి ఇరువైపులా, ఇరుసుకు దగ్గరగా దించి కడితే సైకిలు నిలకడగా సాగుతుంది. మా వీధి సైకిలు షాపు ఆయన క్యారియరుకు రెండు ఇనుప బుట్టలు బిగించి, "బాబూ, సంచి పట్టీలు మాత్రం చువ్వలకు అందనీకండి" అని హెచ్చరించారు. నిజానికి పట్టీలకన్నా నన్ను భయపెట్టేది వెనుక కూర్చునే మా అమ్మాయి పాదం. అందుకే బుట్టలకంటే ముందే ఆ చక్రానికి జాలీ వేయించాను. కేరేజీని పుస్తకాల మధ్య నిటారుగా ఇరికిస్తాను, ఎందుకంటే చారు ఒలికిన నోటుపుస్తకానికి టీచరుగారి దగ్గర సంజాయిషీ చెప్పుకోవడం తేలిక కాదు.

2020 నాటి కేంద్ర ప్రభుత్వ బడిసంచి విధానం ప్రకారం సంచి బరువు విద్యార్థి బరువులో 10 శాతానికి మించరాదు, అంటే 20 కిలోల పాపకు 2 కిలోలు. టైమ్‌టేబుల్ చూసి సర్దిన రోజున మా సంచి ఆ హద్దులోనే ఉంటుంది. డ్రాయింగు చార్టుకు మాత్రం బుట్టలో ఇంకా చోటు కుదరలేదు.